పార్కులో పొగ ఆపించాలి: మున్సిపాలిటీ చేత తీర్మానం చేయించడం ఎలా?

ఉదయపునడక | ఆదివారం, ఉదయం 8:15

అందరికీ నమస్కారం. మాది గుంటూరు వైపు ఒక చిన్న మున్సిపాలిటీ. ఊరు మొత్తానికి ఒక్కటే పార్కు. పొద్దున మేం నడుస్తాం, సాయంత్రం పిల్లలు ఆడుకుంటారు. జారుడుబల్ల పక్కన నాలుగు సిమెంటు బెంచీలున్నాయి. సాయంత్రం ఆరు దాటితే అవి సిగరెట్లు తాగేవాళ్లవే. గేటు బయట బడ్డీ కొట్టు ఉంది, అక్కడ వెలిగించుకుని లోపలికి వచ్చి కూర్చుంటారు.

పోయిన ఆదివారం మా అమ్మాయి, నేను ఆ బెంచీల చుట్టూ సిగరెట్ పీకలు ఏరాం. కిలో పెరుగు డబ్బా నిండిపోయింది. అమ్మాయికి ఏడేళ్లు. "నాన్నా, ఇవి మొలకెత్తుతాయా?" అని అడిగింది.

ఆఫీసుకి వెళ్లి అడిగితే, "అది ఓపెన్ ప్లేస్ అండీ, చట్టం వర్తించదు, మేమేం చేయలేం" అన్నారు. నిజమేనా? కౌన్సిల్ చేత ఏదైనా చేయించే మార్గం ఉందా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. కలిసి నడిచే బృందంలో ఓ ముప్పై మందిమి ఉన్నాం, సంతకాలకి కొదవ లేదు.

నల్లకోటు | ఆదివారం, ఉదయం 10:02

వాళ్లు చెప్పింది సగం నిజం.

2003లో వచ్చిన కోట్పా, అంటే పొగాకు ఉత్పత్తుల చట్టంలో 4వ సెక్షన్ బహిరంగ స్థలాల్లో పొగ తాగడాన్ని నిషేధించింది. కానీ "బహిరంగ స్థలం" అంటే ఏమిటో చెప్పే నిర్వచనం చివర్లో "ఖాళీ ప్రదేశం ఇందులోకి రాదు" అన్న ముక్క ఉంది. మీ ఆఫీసువాళ్లు పట్టుకున్నది ఆ ముక్కనే. తర్వాత నియమాలు వచ్చాయి. ఇప్పుడు నడుస్తున్నవి 2008 అక్టోబర్ 2 నుంచి అమల్లో ఉన్నాయి. వాటి ప్రకారం బస్టాండు, బస్టాపు, రైల్వే స్టేషను, స్టేడియం, ఓపెన్ ఆడిటోరియం లాంటివి ఆకాశం కనబడుతున్నా సరే నిషేధం కిందికే వస్తాయి. పార్కు అన్న మాట మాత్రం పేరు పెట్టి లేదు. అందుకే ఎవరికి అనువైన అర్థం వాళ్లు చెప్పుకుంటారు.

కానీ పార్కు మున్సిపాలిటీ ఆస్తి. గేటు ఎన్నింటికి తీయాలి, లోపలికి బండి రావచ్చా, కుక్కల్ని తేవచ్చా అన్నీ వాళ్లే నిర్ణయిస్తున్నారు కదా. "ఈ ఆవరణలో పొగ తాగరాదు" అనడానికి ఢిల్లీ అనుమతి ఎందుకు? కౌన్సిల్ ఒక తీర్మానం చేసి బోర్డు పెడితే చాలు. ఆ చట్టంలోని 200 రూపాయల జరిమానా పడుతుందా లేదా అన్నది వేరే వాదన, దాన్ని ఇప్పుడు తెరవకండి.

చాయ్‌బిస్కెట్ | ఆదివారం, ఉదయం 11:30

నేను తాగుతాను. రోజుకి ఆరేడు. ముందే చెప్పేస్తున్నా, తిట్టేవాళ్లు తిట్టుకోండి.

ఇంట్లో మా ఆవిడ ఊరుకోదు, అది న్యాయమే. ఆఫీసులో కుదరదు, అదీ న్యాయమే. హోటల్లో, సినిమా హాల్లో, బస్సులో లేదు. మిగిలింది ఆరుబయట. అది కూడా వద్దంటే మమ్మల్ని ఎక్కడికి పొమ్మంటారు? అమ్మేది ప్రభుత్వం అనుమతితోనే, పన్ను కట్టేది నేనే. గాలి వీచే చోట నా పొగ మీ ముక్కుదాకా ఎంత వస్తుందండీ అసలు?

ఊపిరి డాక్టర్ | ఆదివారం, మధ్యాహ్నం 1:20

చాయ్‌బిస్కెట్ గారి ప్రశ్న సరైనదే కాబట్టి సూటిగా చెబుతా. ఆరుబయట పొగ త్వరగా పలచబడుతుంది. ఆరేడు మీటర్ల దూరంలో ఉన్న మనిషికి పెద్దగా చేరదు. ఒకటి రెండు మీటర్ల లోపు, గాలి వాలున కూర్చున్నవాళ్లకి మాత్రం సిగరెట్ వెలుగుతున్నంతసేపూ గదిలో ఉన్నంత మోతాదే అందొచ్చు. ఆస్తమా ఉన్న పిల్లవాడికి ఆ కాసేపు చాలు. మీ బెంచీలకీ జారుడుబల్లకీ మధ్య దూరం ఎంత?

ఇంకో సంగతి. నా దగ్గరకి వచ్చే కుర్రాళ్లలో చాలామంది మొదటి సిగరెట్ తాగింది ఇంట్లో కాదు. పార్కు గోడ పక్కనో, గ్రౌండ్ వెనకో, పెద్దవాళ్లు తాగుతుంటే చూసి మొదలుపెట్టారు. నాకు పొగ కన్నా ఈ చూపే ఎక్కువ భయం.

ఉదయపునడక | ఆదివారం, మధ్యాహ్నం 2:05

అడుగులతో కొలిచాను డాక్టర్ గారూ. దగ్గరి బెంచీ నాలుగడుగులు, దూరంది పన్నెండు.

దక్షిణగాలి | ఆదివారం, రాత్రి 7:48

ఆక్లాండ్ నుంచి రాస్తున్నాను. మాది తెనాలి, ఇక్కడికొచ్చి పదిహేనేళ్లు. న్యూజిలాండ్‌లో కౌన్సిళ్లు ఈ పని ఎలా చేశాయో చెబితే మీకు ఉపయోగపడొచ్చు.

ఇక్కడ బార్లు, రెస్టారెంట్ల లోపల పొగ 2004 డిసెంబర్‌లో ఆగిపోయింది. అది దేశం మొత్తానికీ చట్టం. పార్కులు, ఆటస్థలాలు మాత్రం ఆ చట్టంలో లేవు. వాటి సంగతి ఊరూరా కౌన్సిళ్లే చూసుకున్నాయి. 2005లో సౌత్ టరనాకీ అనే చిన్న జిల్లా కౌన్సిల్ పిల్లల ఆటస్థలాలతో మొదలుపెట్టింది. పాలు, పాడి తప్ప పెద్దగా ఏమీ లేని ప్రాంతం అది. మరుసటి ఏడాది అప్పర్ హట్ అనే నగరం కౌన్సిల్. ఆ తర్వాత ఒకదాన్ని చూసి ఒకటి. ఆటస్థలం, క్రీడా మైదానం, బస్టాపు, ఆఫీసుల గుమ్మాలు, ఇలా మెట్టు మెట్టుగా పెంచుకుంటూ పోయారు. ఆక్లాండ్ కౌన్సిల్ విధానం 2013లో వచ్చింది.

అసలు విషయం ఇప్పుడు చెబుతా. వీటిలో చాలావాటికి జరిమానా లేదు. పోలీసు రాడు. ఒక బోర్డు ఉంటుంది, దానిమీద ఇంగ్లీషులోనూ, ఇక్కడి మూలవాసుల మావోరీ భాషలో "అవుఆహి కోరె" అనీ, అంటే పొగ లేని చోటు అని. అంతే. మొదట్లో నాకు నవ్వొచ్చింది, బోర్డు చూసి ఎవడు ఆపుతాడని. కానీ మా వీధి చివర పార్కులో ఎవరైనా వెలిగిస్తే, పక్కన పిల్లని ఊపుతున్న తల్లి ఏమీ అనదు, ఊరికే బోర్డు వైపు చూస్తుంది. అతను లేచి వెళ్తాడు. బోర్డు లేకపోతే ఆమె చూపుకి ఆ బలం రాదు.

ఇంకోటి, ఇక్కడ కౌన్సిల్ వార్షిక ప్రణాళిక మీద జనం అభిప్రాయాలు రాసి పంపొచ్చు, కావాలంటే స్వయంగా వెళ్లి కొన్ని నిమిషాలు మాట్లాడొచ్చు. ఆరోగ్య సంస్థలవాళ్లు, తల్లిదండ్రులు ఏటా వెళ్లి అదే మాట చెప్పేవాళ్లు. ఒకసారి కాదంటే మళ్లీ ఏడాది.

సిడ్నీబావ | సోమవారం, ఉదయం 6:10

అన్నా, జరిమానా లేకుండా మనవాళ్లు వింటారా? మా న్యూ సౌత్ వేల్స్‌లో 2013 నుంచి పిల్లల ఆట పరికరాలకి 10 మీటర్ల లోపు వెలిగిస్తే అక్కడికక్కడే 300 డాలర్లు. ఇక్కడ కూడా మొదలుపెట్టింది కౌన్సిళ్లే. 2004లో మ్యాన్లీ కౌన్సిల్ బీచ్‌లలో ఆపింది, రాష్ట్ర చట్టం ఆ తర్వాత తొమ్మిదేళ్లకి వచ్చింది. ఫైన్ ఉంటేనే భయం. హెల్మెట్ సంగతి చూడలేదా?

పాత కౌన్సిలర్ | సోమవారం, ఉదయం 9:25

హెల్మెట్ సంగతి చూశాం కాబట్టే చెబుతున్నా. చౌరస్తాలో పోలీసు కనబడితే తలమీదికి, దాటితే మోచేతికి.

నేను ఒక దఫా వార్డు కౌన్సిలర్‌గా చేశాను, ఏ ఊరో అడగొద్దు. కౌన్సిల్ ఎలా ఆలోచిస్తుందో చెబుతా వినండి.

మీరు "పొగ నిషేధం" అని అర్జీ పెడితే చైర్‌పర్సన్‌కి మొదట గుర్తొచ్చేది బడ్డీ కొట్టువాడు. వాడికి ఇంట్లో నాలుగు ఓట్లు, బంధువులవి ముప్పై, పైగా సాయంత్రం వాడి కొట్టు ముందు నిలబడి ఊరి రాజకీయమంతా మాట్లాడుకునేది కౌన్సిలర్ల మనుషులే. వాడి పొట్ట కొడుతున్నారు అన్న మాట పుట్టిందా, మీ కాగితం సొరుగులోకి పోతుంది. కాబట్టి కొట్టు గురించి ఒక్క ముక్క రాయొద్దు. కొట్టు బయట ఉంది, మీరడిగేది లోపల.

రెండు, జరిమానా అని రాయొద్దు. రాస్తే ఎవరు వసూలు చేయాలి, రసీదు పుస్తకం ఎవరిది, డబ్బు ఏ పద్దులో వేయాలి అని ఆఫీసు మూడు ప్రశ్నలు వేసి "పరిశీలనలో ఉంది" అని రాస్తుంది. ఆ మాట పడిందంటే ఇక దానికి చావూ లేదు, బతుకూ లేదు.

మూడు, సోమవారం అర్జీల రోజున కాగితం ఇచ్చి రసీదు తీసుకోండి, కానీ దానిమీదే ఆధారపడొద్దు. మీ వార్డు కౌన్సిలర్‌ని ఇంటికెళ్లి కలవండి. నలుగురైదుగురే వెళ్లండి, అందులో ఇద్దరు ఆడవాళ్లు ఉండాలి, ఒకరు నడకకి వచ్చే రిటైర్డ్ మాస్టారు ఉంటే ఇంకా మంచిది. చిన్నప్పుడు చదువు చెప్పిన మాస్టారికి ఎవరూ కాదనలేరు. నెలవారీ సమావేశం అజెండాలో పెట్టించమనండి. అది దాటిపోతే టేబుల్ అజెండాగా, అంటే సమావేశంలోనే అప్పటికప్పుడు పెట్టే అంశంగా తేవొచ్చు, కానీ టేబుల్ అజెండా అంటే ప్రతిపక్షం ముందు అరుస్తుంది, తర్వాత చదువుతుంది.

ఆ పెరుగు డబ్బా పారేయలేదు కదా?

ఉదయపునడక | సోమవారం, ఉదయం 9:40

మా ఆవిడ ఇంట్లోకి రానివ్వలేదండీ. మేడ మీద ఉంది.

పాత కౌన్సిలర్ | సోమవారం, ఉదయం 9:44

భద్రం. అది మీ అర్జీ కన్నా బాగా మాట్లాడుతుంది.

బ్యారన్ బాబు | సోమవారం, మధ్యాహ్నం 12:15

మాది ఒంగోలు దగ్గర. మా తాత, నాన్న, నేను పొగాకు రైతులం. ఇంటి వెనక రెండు బ్యారన్లున్నాయి, అంటే ఆకుని వేడితో ఆరబెట్టే (క్యూరింగ్ చేసే) గదులు. ఇలాంటి చర్చ వచ్చిన ప్రతిసారీ చివరికి రైతు మీదికే వస్తుంది, అందుకని ముందే వచ్చాను.

1976 నుంచి పొగాకు బోర్డు గుంటూరులోనే ఉంది. ఎంత వేయాలో వాళ్లే చెబుతారు, బేళ్లు, అంటే ఆకు కట్టలు, వాళ్ల వేలం కేంద్రంలోనే అమ్ముకోవాలి. మా వర్జీనియా ఆకు చాలామటుకు దేశం దాటిపోతుంది. మీ పార్కులో నలుగురు తాగడం మానేస్తే నా రాబడి తగ్గదు, ఎకరాలు తగ్గించమని చెబితే తగ్గుతుంది. ఆ రెండూ కలపొద్దు.

ఇక నా మాట. నేను తాగను. ఆకు కొట్టే రోజుల్లో, క్యూరింగ్ రాత్రుల్లో ఆ వాసన చాలు జన్మకి. మా కూలీలకి పచ్చాకు కోసిన రోజు తల తిరుగుడు, వాంతులు మామూలే. మా పిల్లల్ని నేనూ బ్యారన్ దగ్గరికి రానివ్వను. మీ పార్కు బోర్డుకి చందా కావాలంటే చెప్పండి.

నల్లకోటు | సోమవారం, మధ్యాహ్నం 12:50

బ్యారన్ బాబు గారూ, దండం.

జగిత్యాల బిడ్డ | సోమవారం, రాత్రి 8:30

మా అమ్మ ముప్పై ఏండ్లు బీడీలు చేసింది. ఒడిలో చాట, చాటలో తునికాకు, తంబాకు, దారం. వెయ్యి చేస్తేనే ఆ రోజు కూలి. మా దిక్కు ఇంటికొక చాట ఉండేది. సర్కారు బీడీ కార్మికులకు భృతి ఇస్తున్నదంటేనే ఎంతమంది ఉన్నారో అర్థం చేసుకోండి.

మా దగ్గర కూడా ఒకరు ఇట్లనే అడిగితే, "బీడీల మీద బతికే ఊర్లో బీడీ తాగొద్దని బోర్డా" అని నవ్విన్రు. అప్పుడు మా అమ్మనే అన్నది, "చేసేది నేను, దగ్గేది నేను, బస్టాపులో వాడు నా మొహం మీద ఊదుతుంటే కూడా నేనే సైసాల్నా?" అని. ఆమె ఒక్క బీడీ కూడా తాగలే. ఇంటి నిండా తంబాకు దుమ్ము, అదే పీల్చింది.

ఈ చర్చల మొత్తం సిగరెట్ మీదనే ఉన్నది. బోర్డు మీద బొమ్మ వేస్తే సిగరెట్ ఒక్కటే వేయకండి. బీడీ, చుట్ట కూడా అని రాయండి. లేకపోతే "నేను తాగేది సిగరెట్ కాదు కదా" అంటరు. నిజంగనే అంటరు.

ఊపిరి డాక్టర్ | సోమవారం, రాత్రి 9:05

ముఖ్యమైన మాట. ఉత్తరాంధ్రలో పెద్దవయసు ఆడవాళ్లు నిప్పు నోట్లోకి పెట్టుకుని తాగే అడ్డపొగ ఇంకా అక్కడక్కడా ఉంది, అంగిటి పుండ్లు, క్యాన్సర్లు అలాగే వస్తాయి. పొగ అంటే ప్యాంటూ షర్టూ వేసుకున్న కుర్రాడే అనుకోకూడదు. ఈ-సిగరెట్ సంగతంటారా, 2019 నుంచి దేశంలో దాని అమ్మకమే నిషేధం. అయినా బోర్డు మీద ఓ మాట రాస్తే పోయేదేముంది.

చాయ్‌బిస్కెట్ | సోమవారం, రాత్రి 10:20

జగిత్యాల చెల్లెమ్మ మాటకి నా దగ్గర జవాబు లేదు.

కానీ నా మొదటి ప్రశ్న అలాగే ఉంది. ఎక్కడ తాగాలి? ఆ చోటు చూపించకపోతే మావాళ్లు పార్కు గోడ అవతలికి వెళ్తారు. అక్కడ అంగన్‌వాడీ ఉంటే? పొగ లేకుండా పోదు కదా, జరుగుతుంది అంతే.

షింజుకు శీను | మంగళవారం, ఉదయం 5:50

దీనికి జపాన్‌వాళ్ల లెక్క విచిత్రంగా ఉంటుంది. టోక్యోలో చియోదా వార్డు 2002లోనే వీధిలో నడుస్తూ తాగితే 2000 యెన్‌లు కట్టించడం మొదలుపెట్టింది. ఊపిరితిత్తుల గొడవ కన్నా ముందు చూసింది వేరే: రద్దీ ఫుట్‌పాత్ మీద చేయి కిందికి దించితే నిప్పు సరిగ్గా చిన్నపిల్లల మొహం ఎత్తులో ఉంటుంది. ఆ కాలంలో హోటల్ లోపల మాత్రం హాయిగా తాగేవాళ్లు! లోపల ఆపే చట్టం పూర్తిగా అమల్లోకి వచ్చింది 2020 ఏప్రిల్‌లో. మనకి పూర్తిగా తలకిందులు.

వీధిలో ఆపినా, స్టేషన్ల దగ్గర తాగడానికి విడిగా చోట్లు కట్టారు. మీ ఊళ్లో అంత అక్కర్లేదు. పిల్లలు తిరగని వైపు, గేటుకి దూరంగా, ఇసుక పోసిన డబ్బా ఒకటి పెట్టండి.

నల్లకోటు | మంగళవారం, ఉదయం 9:15

డబ్బా ఆవరణ బయట పెట్టండి. 2008 నియమాల ప్రకారం నిషేధం ఉన్న చోట యాష్‌ట్రే, అగ్గిపెట్టె, లైటర్ లాంటివి అందుబాటులో ఉంచకూడదు. లోపల పెడితే మీరే ఆహ్వానించినట్టు. బోర్డుకి కూడా అక్కడో కొలత చెప్పారు: కనీసం 60 సెంటీమీటర్లు, 30 సెంటీమీటర్లు, తెల్లటి నేపథ్యం. ఫిర్యాదు ఎవరికి చేయాలో పేరు, ఫోన్ నంబరు కూడా రాయాలి. పార్కుకి ఆ నియమం వర్తిస్తుందా అన్న వాదన పక్కనపెట్టి అదే కొలతలో చేయించండి, రేపు ఎవరూ వేలెత్తి చూపలేరు.

జరిమానా అడిగిన సిడ్నీబావకి: మన 200 రూపాయలు 2003లో రాసుకున్న అంకె. కర్ణాటక తన వరకు చట్టాన్ని సవరించి 1000 చేసుకుంది. అది అసెంబ్లీ పని, మీ కౌన్సిల్ పని కాదు.

చీపురుకట్ట | మంగళవారం, మధ్యాహ్నం 3:40

నేను వేరే మున్సిపాలిటీలో పారిశుధ్య విభాగంలో పనిచేస్తా. ఎవరూ అడగని విషయం చెబుతా. పీక చీపురుకి రాదు. గడ్డిలో, టైల్స్ సందుల్లో ఇరుక్కుంటుంది, వంగి చేత్తో తీయాలి. మావాళ్లలో ఎక్కువమంది యాభై దాటిన ఆడవాళ్లు. ఫిల్టర్ దూది అనుకుంటారు, అది ఒక రకం ప్లాస్టిక్, ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. వాన పడితే కొట్టుకుపోయి మురుగు జాలీకి పడుతుంది. ఎండాకాలం ఎండుటాకుల కుప్పలో పడిన పీకతో మంట లేచి మా పార్కులో రెండు వేప చెట్లు కాలాయి.

కౌన్సిల్‌కి ఆరోగ్యం అంటే ఆసుపత్రివాళ్ల పని అనిపిస్తుంది. చెత్త అంటే తమ పని అనిపిస్తుంది. చెత్త వైపు నుంచి వెళ్లండి.

పాత కౌన్సిలర్ | మంగళవారం, సాయంత్రం 4:05

అబ్బ! ఈ మాట నేను చెప్పాల్సింది.

ఉదయపునడక | గురువారం, రాత్రి 9:30

అర్జీ రాశాను. మొదట మూడు పేజీలు వచ్చింది, మా మాస్టారు చదివి ఒక పేజీ చేయమన్నారు. ఇదిగో:

"గౌరవనీయులైన మున్సిపల్ చైర్‌పర్సన్ గారికి. మన పార్కులో పిల్లల ఆటస్థలం చుట్టూ సిగరెట్, బీడీ పీకలు విపరీతంగా పేరుకుంటున్నాయి. వీటిని చేత్తో ఏరడం పారిశుధ్య కార్మికులకు భారమవుతోంది. చిన్నపిల్లలు నోట్లో పెట్టుకునే ప్రమాదం ఉంది. కాబట్టి పార్కు ఆవరణను పొగ లేని ప్రదేశంగా ప్రకటిస్తూ తీర్మానం చేయవలసిందిగా, రెండు గేట్ల దగ్గర బోర్డులు పెట్టడానికి అనుమతించవలసిందిగా కోరుతున్నాము. బోర్డుల ఖర్చు మేమే భరిస్తాము. దేశంలో చండీగఢ్ నగరం 2007లోనే పొగరహిత నగరంగా పేరు తెచ్చుకుంది. ఆ గౌరవం మన ఊరికీ దక్కాలని..."

పాత కౌన్సిలర్ | గురువారం, రాత్రి 9:52

చండీగఢ్ తీసేయండి. మన కౌన్సిల్‌లో ఎవరో ఒకరు లేచి "అయితే అక్కడికే పోండి" అంటారు. "బోర్డుల ఖర్చు మేమే భరిస్తాము" అన్న వాక్యం మొదటికి తీసుకురండి. మిగతాది బాగుంది.

దక్షిణగాలి | శుక్రవారం, ఉదయం 4:15

చెరువు కట్ట, బస్టాపులు కూడా ఇందులోనే కలిపితే ఎలా ఉంటుంది?

నల్లకోటు | శుక్రవారం, ఉదయం 8:30

బస్టాపు ఇప్పటికే నిషేధంలో ఉంది, దానికి కొత్త తీర్మానం అడిగితే ఇంతవరకూ లేదని మనమే ఒప్పుకున్నట్టు. అక్కడ అమలు చేయమని విడిగా రాయండి. చెరువు కట్ట వచ్చే ఏడు.

ఉదయపునడక | ఐదు వారాల తర్వాత, శనివారం, రాత్రి 8:10

ఇన్నాళ్లూ మౌనంగా ఉన్నందుకు క్షమించండి. మొదటి నెల సమావేశంలో మా అంశం రాకముందే వాయిదా పడింది, నీళ్ల ట్యాంకర్ల గొడవతో. రెండో నెల చివరి అంశంగా వచ్చింది. ఒక సభ్యుడు "పార్కులో తాగేది మా వార్డువాళ్లేనని అంటున్నారా?" అని లేచారు. అప్పుడు మా కౌన్సిలరమ్మ మాట్లాడకుండా పెరుగు డబ్బా బల్ల మీద పెట్టి మూత తీశారట. వాసనకి ముందు వరుస వెనక్కి జరిగిందట. చర్చ మూడు నిమిషాలు కూడా లేదు. ఆమోదించారు.

బడ్డీ కొట్టు అతను నా మీద కోపంగా ఉంటాడేమో అనుకున్నా. "మా మనవరాలు కూడా అక్కడే ఆడుద్ది సార్" అన్నాడు. ఇసుక డబ్బా తన కొట్టు పక్కన పెట్టుకుంటానన్నాడు, అందరూ అక్కడే నిలబడతారు కాబట్టి టీ కూడా అమ్ముకోవచ్చని. తెలివైనవాడు.

ఇప్పుడు కొత్త టెన్షన్. బోర్డుకి డబ్బిస్తానన్న ఒక పెద్దమనిషి దానిమీద తన ఫొటో, పార్టీ రంగు, "సౌజన్యం" అని పెద్దక్షరాలు అడుగుతున్నారు. డిజైన్ చూశాను. ఆయన మొహం ఎంతుందో "పొగ తాగరాదు" అన్న మాట ఆయన మీసం అంత ఉంది.

చాయ్‌బిస్కెట్ | శనివారం, రాత్రి 8:25

ఆయన డబ్బు వద్దు. రెండు బోర్డులకి ఎంతవుతుంది? ఒకటి నేనిస్తా. నవ్వకండి. మానేయలేదు, రోజుకి నాలుగుకి దింపాను.

బ్యారన్ బాబు | శనివారం, రాత్రి 8:31

రెండోది నాది. ముందే చెప్పాను.

జగిత్యాల బిడ్డ | శనివారం, రాత్రి 8:50

బీడీ, చుట్ట రాసిన్రా?

ఉదయపునడక | శనివారం, రాత్రి 8:58

రాశామమ్మా. "సిగరెట్, బీడీ, చుట్ట, ఏదైనా సరే" అని. బొమ్మలో మూడూ వేయించాం.

బోర్డులు బుధవారానికి వస్తాయి. గురువారం పొద్దున ఆరింటికి బిగిస్తున్నాం. గేటు స్తంభాలు కాంక్రీటువి. గుంటూరు, తెనాలి చుట్టుపక్కలవాళ్లలో డ్రిల్లింగ్ మెషిన్ ఎవరి దగ్గరైనా ఉందా? పది మిల్లీమీటర్ల బిట్‌తో సహా.